రోమకుల స్నానశాలలలో వస్త్రవిసర్జనగృహములు

ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో, కుట్టి సిద్ధముగా నుంచిన దుస్తులమ్ము దుకాణములందు, కొనువారు దుస్తులు తొడిగి చూచుకొను గదులు స్త్రీలకును పురుషులకును వేఱువేఱుగా నుండవలయునా, లేక తలుపులుగల చిన్నగదులను వరుసగాఁ గట్టి యందఱకు నుమ్మడిగా విడిచిన చాలునా యను వాదము కొంతకాలముగా జరుగుచున్నది. ఈ వాదము నడపు నుభయపక్షములవారును దీనిని నిన్న మొన్న పుట్టినదానిఁగాఁ దలంతురు. మనదేశమునఁ జీరయు ధోవతియు కుట్టని వస్త్రములగుటచే నంగడిలోఁ దొడిగిచూచు నవసరమే చిరకాలము లేకపోయినది; అందుచే నీ ప్రశ్న మనకు మిక్కిలి యాలస్యముగా వచ్చినది. కాని పరులు సంచరించుచోట వస్త్రములు విప్పుటకై కట్టిన గది, దానికిఁ గావలివాఁడు, ఆ కావలికి రుసుము, స్త్రీపురుషుల విభాగమునకై రాజశాసనము, ఆ శాసనమునకు భంగము, ఇవియన్నియు ప్రాచీనకాలముననే రోమకరాజ్యమునఁ గలవు. వానికి గ్రంథసాక్ష్యమును శిలాసాక్ష్యమును సమృద్ధిగా నున్నవి. ఆ సాక్ష్యములు నిజముగా నేమి చెప్పుచున్నవో, చెప్పనిదానిని మనము వానినోటఁ బెట్టుచున్నామేమో చూడవలసియున్నది.

రోమకులు పౌరస్నానశాలలోని మొదటి గదిని 'అపోడిటీరియము' అనిరి. ఇది విప్పుట యను నర్థముగల గ్రీకుధాతువునుండి వచ్చిన మాట. మన నాట్యశాస్త్రమున నేపథ్యగృహ మున్నదిగాని, యది వేషము ధరించుటకు. ఇది వస్త్రము విడుచుటకు. కాఁబట్టి దీనిని వస్త్రవిసర్జనగృహ మనుటయే యుక్తము. గోడలవెంబడి రాతియరుఁగులును, అరుఁగులకుఁ బైన వస్త్రము లుంచుటకై గూళ్ళుగాని యఱలుగాని యుండును. క్రీ. శ. 79లో వెసూవియసు పర్వతము పగిలినపుడు పూడిపోయిన హెర్కులేనియము నగరమునఁ, బౌరస్నానశాలలోని స్త్రీల విభాగమున, ఈ యఱలు నేఁటికిని జెక్కుచెదరక నిలిచియున్నవి. నేలపై జలచరముల నడుమ ట్రైటను దేవతను నల్లతెల్లరాళ్ళతోఁ బొదిగిరి.

ఆదిలో విభాగ ముండెననుటకుఁ బ్రమాణములు కలవు. క్రీ. పూ. మొదటి శతాబ్దమువాఁడగు వర్రో తన లాటినుభాషాగ్రంథమున, స్నానశాలను జెప్పు పద మేకవచనమున గాక బహువచనమున నేల వాడఁబడెనని విచారించుచు, నగరమునఁ దొలుత నిర్మింపఁబడిన పౌరస్నానగృహము పురుషులకొకటి స్త్రీలకొకటిగా జంటకట్టడ మగుటయే కారణమని చెప్పినాఁడు. వ్యాకరణచర్చలో నొక సాంఘికాచారము భద్రపడుట మన పండితులకు వింత గొలుపదు. వాస్తుగ్రంథకర్త విట్రూవియసు తన యైదవ పుస్తకమున స్త్రీల యుష్ణగృహమును పురుషుల యుష్ణగృహమును బ్రక్కప్రక్కనే యుంచవలయుననియు, అట్లయిన నొకే కొలిమి రెండింటికి జాలుననియు వ్రాసెను. ఆతఁడు శీలమునుగూర్చి యొక్కమాటయైన ననలేదు. విభాగ మున్నదనుట యాతని కంగీకృతమైన విషయము. ఆతని చింతయంతయుఁ గట్టెల పొదుపు.

ఇచట సిగ్గనుదాని హద్దు రోమకులకు మనము తలంచినచోటనే యుండినదా యని యడుగవలయును. కిసెరో తన ధర్మగ్రంథమున, యుక్తవయస్సు వచ్చిన కుమారుఁడు తండ్రితోను, అల్లుఁడు మామతోను స్నానము చేయకుండుట పెద్దల యాచారమని చెప్పియున్నాఁడు. ప్లూటార్కు జ్యేష్ఠకేటో చరిత్రమున నీయాచారమునే చెప్పి, పురుషులలోఁ బురుషులు దిగంబరులై స్నానమాడుట గ్రీకులవలన రోమకులకు వచ్చెననియు, దానికిఁ బ్రతిగా స్త్రీలతోఁ గూడి స్నానమాడుటను రోమకులే గ్రీకులకు నేర్పిరనియు జేర్చెను. ఎవరి తప్పును వారు పొరుగువారిపైఁ బెట్టుట యేదేశమునందైన నున్నదే. దీనివలనఁ దేలునది యేమనఁగా, మొదట నడ్డుగోడ కేవలము స్త్రీపురుషులనడుమ గాక, తండ్రికిని గొడుకునకును మామకును నల్లునకును నడుమఁగూడ నుండెను. సిగ్గు బంధుత్వమునుబట్టి యేర్పడినది.

విభాగ మున్నంతమాత్రమున న్యాయ మున్నదనుటకు వీలులేదని చూపు నొక వృత్తాంతమును ఆలసు గెల్లియసు కాపాడెను. క్రీ. పూ. 122 ప్రాంతమున గైయసు గ్రాకసు చేసిన యుపన్యాసములోని భాగ మది. కాన్సలు పదవిలో నున్న యొక రోమకాధికారి టియానుం సిడిసీనుం అను నూరికి వచ్చెను. ఆతని భార్య పురుషుల స్నానశాలలో స్నానము చేయఁగోరెను. అందున్నవారిని వెడలఁగొట్టుఁడని యూరి యధికారులకు మార్కసు మారియసు అను ప్రముఖునిద్వారా యాజ్ఞ వెళ్ళెను. స్నానశాలను దనకుఁ ద్వరగా నొసఁగలేదనియు, శుభ్రముగా లేదనియు నామె భర్తతోఁ జెప్పెను. అంతట సంతవీథిలో నొక స్తంభము నాటించి, యా నగరమున మిక్కిలి గౌరవనీయుఁడైన మారియసును దెచ్చి, వస్త్రములు విప్పించి, బెత్తములతోఁ గొట్టించిరి. ఈ వార్త విని కేలీసు అను పొరుగూరివారు, రోమకాధికారి యూరిలో నున్నంతకాలము పౌరస్నానశాలలో నెవరును స్నానము చేయరాదని తీర్మానించుకొనిరి.

గ్రాకసు దీనిఁ జెప్పినది యిటలీప్రజలపై రోమకాధికారులు చేయు దౌర్జన్యమును వెల్లడించుటకు. మన ప్రశ్నకుఁగూడ నిది యుపకరించును. టియానుములో స్త్రీలకు వేఱు స్నానశాల యుండియే యుండును. లేనియెడల 'పురుషుల స్నానశాల' యని విశేషించి చెప్పనక్కఱలేదు. ఆమె దానిని విడిచి దీని నేల కోరెను? గ్రాకసు చెప్పలేదు. పాంపీ నగరపు శిథిలములు చెప్పుచున్నవని నాకుఁ దోఁచుచున్నది.

పాంపీలో స్టేబియను స్నానశాల, ఫోరము స్నానశాల యను రెండింటను స్త్రీపురుషులకు వేఱువేఱు గదుల వరుసలు కలవు. ఫోరము స్నానశాలయందు పురుషుల భాగమునఁ జల్లనినీటి స్నానమునకై ప్రత్యేకముగా గుండ్రని గది కలదు. వెచ్చనిగదిలో గూళ్ళనడుమ బరువు మోయు పురుషుల ప్రతిమలు వరుసగా నిలిచియున్నవి. స్త్రీల భాగము చిన్నది, అలంకారము తక్కువ, చల్లనినీటి తొట్టి వేఱుగదిలో గాక వస్త్రవిసర్జనగృహముననే యిఱికింపఁబడినది. అనఁగా నొకతె వస్త్రములు విప్పుచుండఁగా వేఱొకతె యాగదిలోనే మునుఁగవలయును. స్టేబియను స్నానశాలలోఁ బురుషులకు విశాలమైన వ్యాయామభూమిలోనికి దారి యున్నది. స్త్రీలకు సందునుండి యిఱుకుదారియే. ప్రతి విభాగమునందును స్త్రీల పాలు చిన్నది. పాతవారీవిభాగమును స్త్రీగౌరవార్థమని వర్ణింతురు. ఉండవచ్చును, కాని యా గౌరవమునకుఁ గేటాయించిన స్థలము పరిమితము.

అదే పాంపీలో 79నాటికి కట్టుచుండిన మధ్యస్నానశాలయందు రెండు వరుసలు లేవు. ఉన్నది యొకటే వరుస. నగరపుగోడ వెలుపల నున్న శివారు స్నానశాలయందును వస్త్రవిసర్జనగృహ మొక్కటే. ఈ రెండవదానిని 1980 తరువాతి దశకమునఁ ద్రవ్వి వెలికిఁదీసిరి. దాని గోడపై వస్త్రములపెట్టెలు చిత్రింపఁబడి, వానికి 1 మొదలు 16 వఱకు రోమకసంఖ్యలు వేయఁబడియున్నవి. పెట్టెలపైన శృంగారచిత్రములు గలవు. ఎనిమిది మిగిలినవి. వీనిఁ బ్రకటించిన లూసియానా జకొబెల్లి, తన 1995 నాఁటి గ్రంథమున, ఎవరి పెట్టె యేదో జ్ఞాపక ముంచుకొనుటకై సంఖ్యతోపాటు నీ బొమ్మలు వేయఁబడెనని యూహించినది. చిత్రములు 79కి ముందే పైన వేఱురంగు పూసి కప్పివేయఁబడినవి. కావున యజమానునకో, గ్రాహకులకో యవి నచ్చకపోయియుండును.

ఒకే గది యున్నదిగాన స్త్రీపురుషులు కలిసియే వస్త్రములు విప్పిరని కొందఱు సిద్ధాంతము చేసిరి. ఇది తొందరపాటు. ఒక్క గది యుండుటకు మూఁడు కారణము లుండవచ్చును: ఇరువురును గలసి వాడి యుండవచ్చును, వేళలు విభజించుకొని యుండవచ్చును, ఆ స్నానశాల యొకజాతివారికే పరిమితమై యుండవచ్చును. రాళ్ళు స్థలమును జెప్పునుగాని వేళను జెప్పవు. ఇట్టి పొరపాటే మఱియొకచోట విపర్యయముగా జరిగినది. క్రీ. శ. 216లోఁ బ్రతిష్ఠింపఁబడిన కారకల్లా చక్రవర్తి స్నానశాలవంటి మహాకట్టడములలో మధ్యరేఖ కిరుప్రక్కల నొకేతీరున వస్త్రవిసర్జనగృహములు రెండు చొప్పున నుండుటఁజూచి, యొకవైపు పురుషులకును నొకవైపు స్త్రీలకును నని యూహించుట కలదు. అయితే రెండు ప్రక్కలనుండియు దారులు చేరునది యొకే శీతలశాలకు, ఒకే యుష్ణశాలకు. బట్టలు వేఱుగా విప్పి నీటిలోఁ గలసికొనుటకై యంత గోడ గట్టిరనుట హాస్యాస్పదము. ఆ సమత్వము వాస్తుశిల్పుల యభిరుచి.

వేళల విభాగమునకుఁ దిరుగులేని సాక్ష్య మొకటి దొరకినది. పోర్చుగలు దేశమున నేఁడు అల్‌జుస్త్రెల్ అనఁబడు విపాస్కా యను గనులయూరిలో 1876లో నొక కంచుఫలకమును, 1906లో మఱియొకటియు బయల్పడినవి. రెండవదానియందు హేడ్రియను చక్రవర్తి (117-138) పేరుండుటచే మొదటిదియు నాకాలముదే యని పండితులు తలంచుచున్నారు. మొదటి ఫలకమున స్నానశాల గుత్తదారుని ధర్మము లున్నవి. ఆతఁడు ప్రతిదినమును దన ఖర్చుతో నీరు కాఁచవలయును. సూర్యోదయము మొదలు పగలు ఏడవగంటవఱకు స్త్రీలకు, ఎనిమిదవగంటనుండి రాత్రి రెండవగంటవఱకు పురుషులకు స్నానశాలను దెఱచియుంచవలయును. కంచుపాత్రలను ముప్పదిదినముల కొకమాఱు తోమి, మెఱుఁగుపెట్టి, కొవ్వు రాయవలయును. ధర్మము తప్పినయెడల గనుల యధికారి 200 సెస్టెర్సులవఱకు దండుగు వేయవచ్చును. చక్రవర్తి సేవలోనున్న బానిసలకును విముక్తులకును, సైనికులకును, బాలురకును రుసుము లేదు. తక్కినవారిలోఁ బురుషున కర్ధ 'ఆసు'. స్త్రీకిఁ బూర్తి 'ఆసు'.

స్త్రీ యిచ్చునది పురుషుఁడిచ్చుదానికి రెట్టింపు. ఎందుచేతనో ఫలకము చెప్పదు. స్త్రీలసంఖ్య తక్కువ యగుటచే, వారికై ప్రత్యేకముగా వెచ్చఁజేయు కట్టెల ఖర్చు రాఁబట్టుకొనుటకని యూహింపవచ్చును. కాని యది యూహయే. వేళలను జూడుఁడు. రోమకులు పగటిని పండ్రెండు గంటలుగా విభజించిరి. ఎనిమిదవ గంట మధ్యాహ్నము దాఁటిన తరువాతి సమయము. విట్రూవియసు మధ్యాహ్నమునుండి సాయంకాలమువఱకు ముఖ్యస్నానవేళ యని చెప్పెను. మార్షలు కవియు నెనిమిదవగంటనాఁటికి వేఁడి సమశీతోష్ణమగునని సూచించెను. ఆ శ్రేష్ఠమైన వేళ పురుషులది. స్థలమును విభజించినచోట స్త్రీకిఁ జిన్నగది; కాలమును విభజించినచోట నసౌకర్యమైన వేళయు, హెచ్చు వెలయు. టియానుములో కాన్సలు భార్య పురుషుల స్నానశాల నేల కోరెనో యిపుడు కొంత బోధపడును. ఆమె చేయించిన క్రౌర్యమునకు మాత్ర మది సమాధానము కాఁజాలదు.

క్రీ. శ. మొదటి శతాబ్దమునుండి సహస్నానముం గూర్చిన వ్రాఁతలు పెరుఁగుచున్నవి. జ్యేష్ఠప్లినీ వెండి పరచిన స్నానశాలలలో స్త్రీలు పురుషులతోఁగూడ స్నానము చేయుటను నిందించెను. క్వింటిలియను, పురుషులతో స్నానము చేయుట వ్యభిచారమునకుఁ జిహ్నముగా వాదింపఁబడునని చూపెను. మార్షలు పరిహాసముగాఁ బలుతావులఁ బేర్కొనెను. వీరందఱును పురుషులే యనుట మఱవరాదు. తాను స్నానశాలలో నేమనుకొనెనో చెప్పిన రోమకస్త్రీ వ్రాఁత యొక్కటియు మనకుఁ జేరలేదు. ఇఁక నందఱును పూర్తిగా దిగంబరులై యుండిరనుటయు నిశ్చయము కాదు. స్నానమున కుద్దేశింపఁబడిన ప్రత్యేకవస్త్ర మొకటి కలదని పలుచోట్లఁ గానవచ్చుచున్నది.

చక్రవర్తుల నిషేధముల విషయమున సాక్ష్యమును తూఁచవలయును. 'హిస్టోరియా అగస్టా' యను చక్రవర్తిచరిత్రసంపుటి, హేడ్రియను స్నానశాలలను స్త్రీపురుషులకు వేఱుచేసెననియు, మార్కసు ఆరీలియసు (161-180) మిశ్రస్నానశాలలను దొలఁగించెననియు, ఎలగాబలసు (218-222) మఱల ననుమతింపఁగా సెవీరసు అలెగ్జాండరు (222-235) రోమునగరమున మఱల నిషేధించెననియుఁ జెప్పును. ఈ సంపుటి యార్వురు గ్రంథకర్తలదని చెప్పుకొనునుగాని, డెస్సావు పండితుఁడు 1889లో నది చాలకాలము తరువాత నొక్కఁడే వ్రాసినదని వాదించెను. నాఁటినుండి దాని మాటను పండితులు సులభముగా నమ్మరు. ఎలగాబలసు దుష్టుఁడు, అలెగ్జాండరు శిష్టుఁడు నను చట్రములో నీ స్నానవిషయ మిమిడించినదేమో యను ననుమానము సహజము. హేడ్రియను నిషేధము మాత్రము డయో కాషియసు చరిత్రమునఁగూడఁ జెప్పఁబడుటచే నమ్మఁదగినది. విపాస్కాఫలకమును దానికి ననుకూలమే. అయినను నా వేళలు చక్రవర్తి యాజ్ఞకు ముందే యచట లేవనుటకుఁ బ్రమాణము లేదు. ఒక శాసనమునే మఱలమఱలఁ బ్రకటింపవలసివచ్చిన దనఁగా జనులు దానిని జక్కఁగాఁ బాలింపలేదని యర్థము చేసికొనుట న్యాయము. రాయ్ బోవెన్ వార్డు 1992లోను, గారెట్ ఫేగను 1999లోను జేసిన పరిశోధనలు గూడ, ఊరినిబట్టి స్నానశాలనుబట్టి యాచారము భేదించెననుటకే తోడ్పడుచున్నవి.

వస్త్రవిసర్జనగృహమునఁ బ్రవేశించు సామాన్యుని మొదటి భయము సిగ్గుచేఁ గాదు, దొంగలచేత. ప్లాటసు నాటకమునందే స్నానశాలలో బట్టలు కాపాడుకొనుట యెంత కష్టమో చెప్పఁబడినది. పెట్రోనియసు కథలో నొక సేవకుని బట్టలు స్నానశాలలోఁ బోయినవి. స్నానశాలదొంగల శిక్షకై రోమకధర్మసంగ్రహమగు డైజెస్టునందుఁ బ్రత్యేకముగా నొక శీర్షికయే కలదు. ధనికులు తమ బానిసలఁ గావలి యుంచుకొందురు. సిసిలీలోని పియాజ్జా అర్మెరీనా భవనపు నేలచిత్రమున నొక గృహిణి పిల్లలతో స్నానమునకుఁ బోవుచుండఁగా దాసీలు బట్టలును పెట్టెయుఁ గొని వెంబడించుట చూడవచ్చును. బీదవాఁడు 'కాప్సారియసు' అను కావలివానికి రుసు మియ్యవలయును; 301లోని డయొక్లీషియను ధరలశాసనము స్నానము చేయువా రొక్కొక్కరికి రెండు దెనారియములని యా రుసుమును నిర్ణయించినది. ఈ కావలివాఁడే మోసముచేసిన, విచారించు నధికారము రోమునగర రక్షకభటాధికారికిఁ గలదు. కారకల్లా స్నానశాలలో నీ యుద్యోగము చేసిన కుకుమియో యనువాఁడు, బ్రదికియుండఁగనే, తనకును విక్టోరియాకును సమాధి కట్టించుకొనెను. ఆ శిలాలేఖనము నేఁటికి నిలిచియున్నది. స్త్రీల బట్టలను గూడ నాతఁడే కాచెనా, విక్టోరియా కాచెనా? శిల చెప్పదు.

ఇంగ్లండులోని బాత్ నగరమున సులిస్ మినర్వా దేవత పుణ్యగుండమున సీసపురేకులు సుమారు 130 దొరకినవి. బట్టలో సొమ్ములో పోఁగొట్టుకొన్నవారు దొంగను శపింపుమని దేవత కర్పించుకొన్న విన్నపము లవి. సొలైనసు అనువాఁడు స్నానవస్త్రమును, పైవస్త్రమును బోఁగొట్టుకొని, దొంగ పురుషుఁడైనను స్త్రీయైనను, బానిసయైనను స్వతంత్రుఁడైనను విడువవలదని మొఱపెట్టుకొనెను. దీనినిబట్టి యచట స్త్రీపురుషులు గలసియే వస్త్రములు విప్పిరనుట సాహసము. అది ధర్మశాస్త్రపత్రముల వాడుకమాట, ఎవఁడును తప్పించుకొనకుండుటకై వేసిన వల.

మనదేశపు సాక్ష్యము నించుక పోల్చి చూచుట యప్రస్తుతము కాదు. వినయపిటకములోని చుల్లవగ్గమున భిక్షువులకు 'జంతాఘర' మను నుష్ణస్నానగృహ మనుమతింపఁబడినది. చీవరములను నేలపై నుంచక తగిలించుటకై వెదురుగడయు త్రాడును నుంచుకొమ్మని బుద్ధుఁ డాజ్ఞాపించెననియు, స్నానగృహము, నీరు, వస్త్రము నను మూఁటిని నంగాచ్ఛాదనములుగా నంగీకరించెననియు నందున్నది. భిక్షుణులకు జంతాఘరము నిషిద్ధము. వారు పురుషుల తీర్థమునఁ గాక 'మహిలాతీర్థ'మున స్నానము చేయవలయును. రోమకులు గోడతోను గంటతోను జేసిన విభాగమును మనవారు నదిలో రేవుతోఁ జేసిరి. ఇచటఁగూడఁ గట్టడమందలి స్నానము పురుషులకు, ఆరుబయటి నీరు స్త్రీలకు నను భేద మున్నది. గోదావరీ తీరమున 2015 నాఁటి పుష్కరములలో స్త్రీలు తడిబట్టలు మార్చుకొనుటకై రేవులలోఁ దాత్కాలికముగా గదులు కట్టిరి.

క్రైస్తవాచార్యుల వ్రాఁతలతో వాదము వేఱుత్రోవఁ బట్టినది. అలెగ్జాండ్రియా క్లెమెంటు, స్నానశాలలు స్త్రీపురుషుల కేకముగాఁ దెఱవఁబడుచున్నవని నిందించుచు, స్త్రీలు తమ బానిసలయెదుట సిగ్గులేక వస్త్రములు విడుచుటను బ్రత్యేకముగాఁ దప్పుపట్టెను. బానిస పురుషుఁడేయని గుర్తించిన మాట రోమకగ్రంథములలో నరుదు. వస్త్రములు పట్టుకొని నిలుచువానిని వారు మనుష్యునిఁగాఁ జూడలేదు, కాఁబట్టి వానియెదుట సిగ్గు పుట్టలేదు. క్లెమెంటు వానిని జూచెను, స్త్రీని నిందించుటకే యైనను. కార్తేజి బిషపు సిప్రియను 249 ప్రాంతమున, వ్రతమునందున్న కన్యలుగూడ మిశ్రస్నానశాలలకుఁ బోవుచున్నారని మందలించెను. పోవుచుండిరి గనుకనే మందలింపవలసివచ్చెను. నాల్గవశతాబ్దమున లవొదికయా సభవారి ముప్పదియవ నిబంధన మతాచార్యులును విరాగులును గృహస్థులును స్త్రీలతో స్నానము చేయరాదనెను. ఆరవశతాబ్దమున జస్టినియను, విలాసార్థము పరపురుషులతో స్నానము చేసిన భార్యను విడుచుటకు భర్త కధికార మిచ్చెను. అట్టి పనియే చేసిన భర్తను విడుచు నధికారమును భార్య కియ్యలేదు.

రోమునగరమున 537లో గోతులు ముట్టడించి కాలువలను దెగఁగొట్టినపుడు మహాస్నానశాలలకు నీరు నిలిచిపోయెను. తూర్పురాజ్యమున స్నానశాలలు నడచుచునే యుండెను. 692లో కాన్‌స్టాంటినోపిలునఁ గూడిన ట్రుల్లో సభవారు తమ డెబ్బదియేడవ నిబంధనగా లవొదికయావారి మాటనే మఱల వ్రాసి, తప్పినవాఁడు మతాచార్యుఁడైనచోఁ బదభ్రష్టత్వమును, గృహస్థుఁడైనచో బహిష్కారమును శిక్షగాఁ జేర్చిరి. హేడ్రియనునకుఁ బిమ్మట నయిదువందల యేఁబది యేండ్లు గడచినను ఆ యాజ్ఞనే మఱల నీయవలసివచ్చెను.